కంపెనీ మాత్ర, జనరిక్ మాత్ర: ఎల్‌డీఎల్ 78 నుంచి 134కి ఎందుకు పెరిగింది? (కేస్ స్టడీ)

ఆగస్టు రెండో వారం. మాస్టారు లోపలికి వచ్చి రిపోర్టు నా టేబుల్ మీద పెట్టారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"డాక్టర్ గారూ, చవక మందు వేసుకున్నందుకు ఇదేనా ఫలితం?"

రిపోర్టులో ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 134 ఉంది. కిందటి నవంబరులో 78. రెండేళ్ల కిందట గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషికి 134 అంటే తేలిగ్గా తీసుకునే సంగతి కాదు. ఈ మధ్యలో ఆయనకి తెలిసి మారింది ఒక్కటే. ఉగాది వెళ్లాక కంపెనీ మాత్రలు మానేసి జనరిక్ మాత్రలు, అంటే అదే మందుని బ్రాండు పేరు లేకుండా చవకగా అమ్మేవి, మొదలుపెట్టారు. మొదలుపెట్టమన్నది నేనే.

ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను. శ్రీకాకుళంలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేస్తున్న నాకు ఈ ప్రశ్న వారంలో రెండు మూడుసార్లయినా ఎదురవుతుంది. ఈ కేసులో దాన్ని చివరిదాకా తేల్చుకునే అవకాశం దొరికింది కాబట్టి వివరంగా చెబుతున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 63. నరసన్నపేట వైపు, వంశధార ఒడ్డున ఉన్న ఊరు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. పదేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ. పొగతాగే అలవాటు ఎప్పుడూ లేదు. గుండెపోటు వచ్చినప్పుడు విశాఖపట్నం తీసుకెళ్లి ఒక స్టెంట్ వేయించారు. అప్పటికి కొలెస్ట్రాల్ మాత్ర ఏదీ వాడటం లేదు, ఎల్‌డీఎల్ 158. డిశ్చార్జి చీటీలో కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు, ఆస్పిరిన్, మెటోప్రొలాల్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ ఉన్నాయి. అన్నీ పేరున్న కంపెనీలవే. మూడు నెలలకి ఎల్‌డీఎల్ 74కి దిగింది. తర్వాత నవంబరులో 78.

నెలకి మందుల ఖర్చు 2,100 దాకా అయ్యేది. ఆయనకి పెన్షన్ వస్తుంది, కానీ భార్య కూడా షుగరు మాత్రలు వాడుతున్నారు. మార్చిలో వచ్చినప్పుడు ఖర్చు గురించి ఆయనే కదిపారు. మొహమాటంగా, తల వంచుకుని. జనరిక్‌కి మారండి, నేను హామీ అన్నాను. నెల ఖర్చు 450కి దిగింది.

ఇప్పుడు ఆ హామీ గురించే అడుగుతున్నారు. అప్పటికే వాళ్ల ఊరి మందుల షాపాయన రిపోర్టు చూసి "నేను చెప్పలేదా మాస్టారూ" అన్నారట.

ఆగస్టు రిపోర్టు పూర్తిగా: మొత్తం కొలెస్ట్రాల్ 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 38, ట్రైగ్లిజరైడ్లు 190. మన ల్యాబుల్లో ఎల్‌డీఎల్ చాలాసార్లు నేరుగా కొలిచింది కాదు, లెక్క కట్టింది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. ఇక్కడ 190 కాబట్టి చెల్లుతుంది, లెక్కలో తప్పు లేదు. మూడు నెలల షుగరు 7.4. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలుగానే ఉంది, మూత్రంలో ప్రోటీన్ లేదు. కిడ్నీలోంచి ప్రోటీన్ ఎక్కువగా పోతే ఎల్‌డీఎల్ పెరుగుతుంది. అసలు మా జిల్లాలో ఏ రోగి వచ్చినా కిడ్నీ వైపు ఒకసారి చూడటం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతం మాకు నేర్పిన అలవాటు. అంత జాగ్రత్తగా కిడ్నీ చూసినవాణ్ని, అదే రోజు చూడాల్సిన ఇంకో పరీక్ష రాయలేదు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

చీటీ రాయబోయి ఆగిన చోటు

నిజం చెప్పాలంటే పెన్ను తీసి పాత కంపెనీ పేరు రాయడం మొదలుపెట్టాను. బయట ఇరవై మంది కూర్చున్నారు. రోగి బ్రాండే కావాలంటున్నాడు, రిపోర్టూ ఆయన మాటే చెబుతోంది. ఇక వాదించడం దేనికి? ఇంకో రెండు దారులు కూడా మనసులో ఉన్నాయి. డోసు 80కి పెంచడం, లేదా ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలపడం.

రాస్తూ ఉండగా అంకెలు కుదరడం లేదనిపించింది.

అటోర్వాస్టాటిన్ లాంటి మందుల్ని స్టాటిన్లు అంటారు. వాటికి ఒక గుణం ఉంది. డోసు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. ప్రతి రెట్టింపుకీ ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతం తగ్గుతుంది, అంతే. అటోర్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములతోనే ఎల్‌డీఎల్ 37 నుంచి 39 శాతం తగ్గుతుంది. 20తో 43 శాతం, 40తో దాదాపు సగం. అంటే పనిలో పెద్ద వాటా మొదటి పది మిల్లీగ్రాములే చేసేస్తాయి.

దీన్ని మాస్టారికి వర్తింపజేద్దాం. మందు లేనప్పుడు 158. రోజూ 40 వేసుకుంటే 80 దగ్గరికి రావాలి, వచ్చింది కూడా. 20 వేసుకుంటే 90. పది మాత్రమే వేసుకున్నా 98 దగ్గర ఉండాలి. అంటే ఆ జనరిక్ కంపెనీ మోసం చేసి, పైన 40 అని అచ్చేసి లోపల పావు వంతు మందే పెట్టినా, ఎల్‌డీఎల్ వందకి అటూ ఇటూ ఉండాలి తప్ప 134 కాకూడదు. మాత్రలో మందు అయిదో పదో శాతం తక్కువైతే వచ్చే తేడాని మన ల్యాబ్ పట్టుకోలేదు కూడా. ఒకే మనిషికి ఒకే వారంలో రెండుసార్లు రక్తం తీసినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది.

కాబట్టి మాత్రలో మందు అసలే లేకపోవాలి, లేదా మాత్ర మనిషి లోపలికి వెళ్లకపోవాలి, లేదా ఒంట్లో కొత్తగా ఇంకేదో మొదలై ఉండాలి. కంపెనీ మాత్రకీ జనరిక్ మాత్రకీ మధ్య ఉండగల తేడాకి ఈ అంకె అందదు.

చీటీ చించేశాను. "మాస్టారూ, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెండి. సగం వాడినవి, ఖాళీ స్ట్రిప్పులు, బిల్లులు కూడా. గురువారం రండి, ఆఖర్న చూస్తాను, తొందర ఉండదు" అన్నాను. ఆయనకి నచ్చలేదు. తప్పు మందుదైతే తన డబ్బా ఎందుకు వెతుకుతున్నారన్నట్టు చూశారు.

బిస్కెట్ల డబ్బా

గురువారం ముగ్గురొచ్చారు. మాస్టారు, ఆయన భార్య, కోడలు. కోడలి చేతిలో పాత బిస్కెట్ల డబ్బా ఉంది, రంగు పోయి మూత సొట్టపడింది. "మావయ్య గారు మాత్రలు ఎవర్నీ ముట్టుకోనివ్వరండీ, ఈ డబ్బా తాళం కూడా ఆయన దగ్గరే ఉంటుంది" అంది. టేబుల్ మీద పేపర్ పరిచి అంతా కుమ్మరించాం. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, జవాబు పత్రాలు దిద్దినంత శ్రద్ధగా స్ట్రిప్పులని వరసలు పెట్టారు. బిల్లులు తేదీల వారీగా రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి. ఆ అలవాటు ఆ రోజు మాకు చాలా ఉపయోగపడింది.

ఏప్రిల్ 1న జనరిక్ మొదలు. రక్తం ఇచ్చింది ఆగస్టు 9 ఉదయం. మొత్తం 130 రోజులు. బిల్లుల ప్రకారం ఏప్రిల్లో 40 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు మూడు, మే నెలలో మూడు, ఒక్కో దాంట్లో పది. అంటే 60 మాత్రలు. మే మధ్యలో మనవళ్ల సెలవులకని హైదరాబాద్ వెళ్లి జూన్ ఆఖరి దాకా అక్కడే ఉన్నారు. అక్కడ కొన్నట్టు బిల్లు లేదు. జూలై 5న షాపులో 40 అయిపోయిందని 20 మిల్లీగ్రాములవి ఆరు స్ట్రిప్పులు ఇచ్చారు. అవి 60 మాత్రలు. రోజుకి రెండేసి వేసుకోవాలి.

మిగిలినవి లెక్కపెట్టాం. 40లలో 14. అవి డబ్బాలో కాదు, హైదరాబాద్ తీసుకెళ్లిన బ్యాగు జేబులో దొరికాయని కోడలు విడిగా తెచ్చింది. 20లలో 43.

అంటే ఏప్రిల్ 1 నుంచి జూలై 4 దాకా 95 రోజుల్లో వేసుకున్నవి 46. ఆ తర్వాత 35 రోజుల్లో వేసుకున్నవి 17, అవీ ఇరవైలు. ఆఖరి అయిదు వారాల్లో 1,400 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లాల్సిన చోట 340 వెళ్లాయి. స్టాటిన్ ఆపితే రెండు మూడు వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పైకి వచ్చేస్తుంది. అందుకే ఈ పరీక్షలో ఏప్రిల్ సంగతి కనబడదు, ఆ ఆఖరి వారాల సంగతే కనబడుతుంది.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను మందలించలేదు. మందలిస్తే వచ్చేసారి డబ్బా రాదు. "రెండేసి వేసుకోమని చెప్పలేదా?" అని మాత్రం అడిగాను.

"షాపు కుర్రాడు ఏదో అన్నాడు గానీ రద్దీలో సరిగా వినపడలేదండీ. పాతవి రోజుకి ఒకటే కదా, ఇవీ అంతే అనుకున్నాను." కాసేపాగి, "రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. కాళ్లు పీకుతున్నాయి. పక్కింటాయన కొలెస్ట్రాల్ మాత్రలు కండరాలు తినేస్తాయన్నాడు. అందులోనూ చవకవి... ఎందుకైనా మంచిదని."

ఆ "ఎందుకైనా మంచిదని" అన్న మాటలో చాలా ఉంది. పాత మాత్ర కోలగా, తెల్లగా, మెరిసే స్ట్రిప్పులో ఉండేది. కొత్తది గుండ్రంగా, సాదా స్ట్రిప్పులో. ధర పడిపోయింది, రూపం మారింది. మనసులో నమ్మకం సగం తగ్గాక, ఏ నొప్పి వచ్చినా నేరం మాత్ర మీదికే పోతుంది. 2020లో వచ్చిన సామ్సన్ అనే పరిశోధనలో, ఒంటికి పడటం లేదని స్టాటిన్లు మానేసిన 60 మందికి ఒక్కో నెల స్టాటిన్, ఒక్కో నెల మందు లేని ఉత్తుత్తి మాత్ర, ఒక్కో నెల ఏమీ లేకుండా మార్చి మార్చి ఇచ్చి చూశారు. స్టాటిన్ వేసుకున్నప్పుడు వచ్చిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. నొప్పి అబద్ధమని దీని అర్థం కాదు, నొప్పి నిజమే. భయంతో మింగిన మాత్ర కూడా నొప్పి తెస్తుంది.

కాళ్ల నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయని అడిగాను. "జనరిక్ మొదలుపెట్టాకేనండీ" అన్నారు మాస్టారు. అప్పటిదాకా ఊరుకున్న ఆయన భార్య అందుకున్నారు.

"కాదు బాబూ. సంక్రాంతి కాడ్నుంచీ ఉన్నాయి. భోగి మంట పక్కనే కూసున్నా సలి సలి అని రెండు దుప్పట్లు కప్పుకున్నారు కదా."

సంక్రాంతి అంటే జనవరి. అప్పటికి ఇంకా కంపెనీ మాత్రలే వాడుతున్నారు. నొప్పికీ జనరిక్‌కీ సంబంధం లేదని ఆ ఒక్క మాటతో తేలిపోయింది, వెంటనే రాసుకున్నాను. ఆవిడ మాటలో రెండో సగం మాత్రం చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. కండరాల ఎంజైమ్ సీకే పరీక్ష రాశాను. 290 వచ్చింది. 200 దాకా ఉండొచ్చు కాబట్టి కొంచెం ఎక్కువే, మాత్ర ఆపాల్సినంత కాదు.

మందు మార్చలేదు. అదే జనరిక్, 40 మిల్లీగ్రాములు, రోజూ ఒకటి. ఎప్పుడు వేసుకున్నా పనిచేస్తుంది కాబట్టి, కచ్చితంగా గుర్తుండే ఉదయం బీపీ మాత్రతో కలిపి వేసుకోమన్నాను. డబ్బా తాళం కోడలికి ఇమ్మన్నాను. అది ఆయనకి కష్టంగానే అనిపించింది, కానీ ఒప్పుకున్నారు.

మాస్టారి ప్రశ్న

లేవబోతూ ఆయన అడిగిన ప్రశ్న అసలైంది. "నా తప్పు ఒప్పుకుంటున్నాను. కానీ రెండూ ఒకటేనని మీరు దేన్ని బట్టి అంటున్నారు? ఎనభై శాతం మందు ఉంటే చాలు, జనరిక్‌ని పాస్ చేసేస్తారట కదా?"

చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే అనుకుంటారు. కొందరు డాక్టర్లు కూడా. ఎనభై అనే అంకె నిజమే, అర్థమే వేరు. మాత్రలో ఎంత మందు ఉందనేది వేరే పరీక్ష. 80 నుంచి 125 శాతం అనే హద్దు బయో ఈక్వివలెన్స్ పరీక్షది. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకి ఒకసారి అసలు మందు, కొన్నాళ్లాగి అదే మనిషికి జనరిక్ ఇస్తారు. గంట గంటకీ రక్తం తీసి, మొత్తం ఎంత మందు రక్తంలోకి చేరింది, గరిష్ఠంగా ఎంతకి చేరింది అని కొలుస్తారు. రెండింటి నిష్పత్తికి ఒక అంచనా అంకె, దాని చుట్టూ అటూ ఇటూ అనిశ్చితి పట్టీ ఉంటాయి. ఆ పట్టీ మొత్తం 80కీ 125కీ మధ్య ఇమడాలి. సగటు 85 దగ్గర ఉంటే పట్టీ కింది కొస దాదాపు ఎప్పుడూ 80 దాటి కిందికి జారిపోతుంది, ఫెయిల్. అందుకే పాసైన మందుల సగటు వందకి బాగా దగ్గరగా ఉంటుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996 నుంచి 2007 దాకా 12 ఏళ్లలో తన దగ్గరికొచ్చిన 2,070 అధ్యయనాలని కలిపి చూస్తే, రక్తంలోకి చేరిన మొత్తంలో సగటు తేడా 3.56 శాతం.

మాస్టారు తల ఊపారు. "అంటే పాస్ మార్కు 80 కాదు, క్లాసులో ఒక్కడు కూడా 80కి తగ్గకూడదని రూలు" అన్నారు. సరిగ్గా అదే కాదు గానీ, నా వివరణ కన్నా అదే త్వరగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి చెబితే ఆయన ఆశ్చర్యపోయారు. ఆయన రెండేళ్లు వాడిన "కంపెనీ మాత్ర" కూడా జనరిక్కే. అటోర్వాస్టాటిన్ అసలు బ్రాండు లిపిటార్, చాలా ఏళ్లు ఫైజర్ కంపెనీ అమ్మింది. 1996 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, అక్కడ పేటెంట్ రక్షణ 2011 నవంబరులో ముగిసింది. మన దేశంలో 1970 చట్టం ప్రకారం 2005 దాకా మందుకి పేటెంట్ లేదు, తయారుచేసే పద్ధతికే ఉండేది. కాబట్టి మన కంపెనీలు అంతకు ముందు నుంచే సొంత పేర్లతో అటోర్వాస్టాటిన్ తయారుచేసి అమ్ముతున్నాయి. మన షాపులో దొరికేవి చాలావరకు పేరు పెట్టిన జనరిక్, పేరు పెట్టని జనరిక్. ధరలో తేడాకి పెద్ద కారణం ప్రచారం, రెప్రజెంటేటివ్‌ల జీతాలు, మధ్యలో చేతులు మారే మార్జిన్లు.

నాణ్యత గురించి ఆయన భయం అర్థం లేనిదని నేను అనను. 2017 ఏప్రిల్‌కి ముందు, మార్కెట్లోకి వచ్చి నాలుగేళ్లు దాటిన మందుకి రాష్ట్ర స్థాయిలో లైసెన్సు తీసుకునే కంపెనీ బయో ఈక్వివలెన్స్ చూపించాల్సిన పని ఉండేది కాదు. ఆ ఏడాది నిబంధనలు మార్చి, నీళ్లలో సరిగా కరగని మందులకి దాన్ని తప్పనిసరి చేశారు. అటోర్వాస్టాటిన్ ఆ కోవలోదే. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా నాణ్యత తప్పిన బ్యాచ్‌ల జాబితా ఇస్తుంది. అందులో పేరున్నవీ ఉంటాయి, పేరు లేనివీ ఉంటాయి. ప్రభుత్వం జనరిక్ మందులు అమ్మే జన ఔషధి పథకంలో డబ్ల్యూహెచ్‌ఓ తయారీ ప్రమాణాలున్న కంపెనీల దగ్గరే కొని, ప్రతి బ్యాచ్‌ని గుర్తింపు ఉన్న ల్యాబుల్లో పరీక్షించాలనే నియమం ఉంది. నియమం ఉన్నంత మాత్రాన ప్రతి స్ట్రిప్పూ నిక్కచ్చి అని నేను పూచీ పడలేను. కంపెనీ బ్రాండుకీ పడలేను. పూచీ ఇవ్వగలిగేది ఆ రోగి రక్తమే. మందు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎల్‌డీఎల్ చూడాలి. మాస్టారి విషయంలో ఏప్రిల్లో మార్చి, మే ఆఖర్న చూడాల్సింది. ఆయన ఊళ్లో లేరని వదిలేశాను. చూసి ఉంటే రెండు నెలల ముందే డబ్బా తెరిచేవాళ్లం.

రోగులకి చివరికి ఏమవుతోందని చూసిన పెద్ద అధ్యయనాలు కూడా ఉన్నాయి. అమెరికాలో 2014లో వచ్చినదాంట్లో జనరిక్ స్టాటిన్ మొదలుపెట్టిన పెద్దవాళ్లు మాత్రలు ఎక్కువ క్రమంగా వేసుకున్నారు. 77 శాతం రోజులు, బ్రాండువాళ్లు 71 శాతం. గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి చూస్తే జనరిక్ వాళ్లలో 8 శాతం తక్కువ. మందు మెరుగైనదని కాదు, కొనగలిగారు కాబట్టి మానలేదు. కెనడాలోని ఒంటారియోలో గుండెపోటు వచ్చినవాళ్లలో లిపిటార్‌నీ జనరిక్ అటోర్వాస్టాటిన్‌నీ పోల్చి చూస్తే ఏడాది తర్వాత తేడా కనబడలేదు.

అక్కడ చవకైన మందు నమ్మకంగా వేసుకున్నారు. మాస్టారు చవకైందనే మానేశారు. ఈ తేడాని నేను ముందే ఊహించి ఉండాల్సింది. జనరిక్ రాసే రోజున "రంగు, ఆకారం మారుతుంది, మందు ఇదే" అని చెప్పడానికి ఒక నిమిషం చాలు. నేను ఆ నిమిషం ఖర్చుపెట్టలేదు.

తేలని ఇరవై

దసరా ముందు, సెప్టెంబరు ఆఖర్న మళ్లీ పరీక్ష. ఈసారి కోడలు లెక్క రాసింది, 45 రోజులకి 45 మాత్రలు. ఎల్‌డీఎల్ 98.

మాస్టారు సంతోషించారు. 134 నుంచి 98, అదే జనరిక్‌తో. నాకు మాత్రం సంతోషం రాలేదు. పాత లెక్క ప్రకారం 80 దగ్గరికి రావాలి. ఇరవై దాకా ఇంకా తేలలేదు. వెనక్కి చూస్తే ఆగస్టులోనే లెక్క తేలలేదు. రోజు విడిచి రోజు ఇరవై అంటే సగటున రోజుకి పది. రోజూ పది వేసుకుంటే 98 అని నేనే లెక్క కట్టాను. రోజు విడిచి రోజు వేసుకున్నందుకు ఇంకో పది కలుపుకున్నా 134 రాదు. డబ్బాలో మాత్రలు మిగిలి కనబడగానే జవాబు దొరికిందనుకుని వెతకడం ఆపేశాను.

అప్పుడు గుర్తొచ్చింది, భోగి మంట పక్కన రెండు దుప్పట్లు.

ఈసారి సరిగా చూశాను. చర్మం పొడిబారింది. గొంతు కొంచెం బొంగురుపోయింది, వయసు అనుకున్నారట. మలబద్ధకం ఉంది, అడిగితేనే చెప్పారు. మడమ పైన, వెనక వైపు సుత్తితో కొడితే, చీలమండ రిఫ్లెక్స్ వచ్చి మళ్లీ వెనక్కి రావడం నిదానంగా ఉంది. థైరాయిడ్ పరీక్షలు చేయించాను. టీఎస్‌హెచ్ 14.8, బాగా ఎక్కువ; థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 తక్కువ. థైరాయిడ్ మందగించింది.

కాలేయం మీద ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాక్కునే రిసెప్టర్లు ఉంటాయి. వాటి గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. స్టాటిన్ ఆ రిసెప్టర్లు పెరిగేలా చేసే మందు. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే అవి తగ్గుతాయి. అంటే మాస్టారి అసలు స్థాయి 158 నుంచి 195 దాకా పైకి జరిగి ఉంటుంది. మాత్ర తన వంతుగా దాన్ని సగానికి దించింది, 98. మాత్ర మొదట్నుంచీ చెప్పిన పనే చేస్తోంది. కాళ్ల పీకుడూ, సీకే 290 కూడా థైరాయిడ్‌తో సరిపోతాయి.

ఆగస్టులో నేను రాయబోయిన చీటీలని ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది. థైరాయిడ్ మందగించిన మనిషికి స్టాటిన్‌తో కండరాలు దెబ్బతినే ముప్పు ఎక్కువ. అలాంటి మనిషికి డోసు 80కి పెంచబోయాను. కంపెనీ మాత్రకి తిరిగి వెళ్లి ఉంటే ఇంకోలా పొరపాటు జరిగేది. నమ్మకం కుదిరి రోజూ వేసుకునేవారు, ఎల్‌డీఎల్ 98కి దిగేది. ఆయనా, నేనూ, మందుల షాపాయనా ముగ్గురం జనరిక్ పనిచేయదనే తేల్చేసేవాళ్లం. ఊరంతా అదే మాట తిరిగేది. థైరాయిడ్ అలాగే ఉండిపోయేది.

కంపెనీ మార్చకూడని మాత్ర

లీవోథైరాక్సిన్ 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టాను. గుండె జబ్బున్నవాళ్లకి ఎక్కువతో మొదలుపెడితే గుండె మీద భారం పడుతుంది. ఉదయం లేవగానే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, గంట దాకా కాఫీ కూడా వద్దు. బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు టిఫిన్ తర్వాత.

ఇక్కడ మాస్టారికి చెప్పిన మాట ఆయనకి వింతగా తోచింది. "ఈ థైరాయిడ్ మాత్ర మాత్రం ఏ కంపెనీది మొదలుపెడితే అదే వాడండి. షాపులో లేకపోతే ఇంకోటి తీసుకోకుండా నాకు ఫోన్ చేయండి."

"మొన్నటిదాకా అన్నీ ఒకటే అన్నారు కదండీ?"

స్టాటిన్ సంగతి వేరు, దీని సంగతి వేరు. స్టాటిన్ డోసు సగమైనా ఫలితం 6 శాతమే మారుతుంది. లీవోథైరాక్సిన్‌లో 12 మైక్రోగ్రాముల తేడాకే టీఎస్‌హెచ్ కదులుతుంది, ఎక్కువైతే గుండె దడ వస్తుంది. రక్తం పలచబరిచే వార్‌ఫరిన్, కొన్ని మూర్ఛ మందులు కూడా ఇలాంటివే. వీటిల్లోనూ జనరిక్ వాడొచ్చు, కానీ ఒకే తయారీదారుడిది పట్టుకుని ఉండాలి. మార్చాల్సి వస్తే ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించాలి. జనరిక్ మంచిదా కాదా అని ఒక్క ముక్కలో అడిగేవాళ్లకి నేను ముందు ఏ మందో చెప్పమంటాను.

నవంబరు మధ్యలో టీఎస్‌హెచ్ 8.2కి దిగింది. డోసు 50 చేశాను.

సంక్రాంతి వెళ్లిన వారానికి మళ్లీ వచ్చారు. టీఎస్‌హెచ్ 3.6, సీకే 140, ఎల్‌డీఎల్ 67. ఏప్రిల్లో మొదలుపెట్టిన జనరిక్ అటోర్వాస్టాటినే, అదే 40. కాళ్ల నొప్పులు దాదాపు పోయాయి. భోగి నాడు మంట దగ్గర దుప్పటి లేకుండానే కూర్చున్నారని ఆయన భార్య చెప్పారు. డబ్బా కోడలు తెచ్చింది, కానీ ఈసారి లెక్క మాస్టారే రాశారు. రూళ్ల పుస్తకంలో తేదీ, మాత్ర, మిగిలినవి.

స్టెంట్ వేసుకున్నవాళ్లకి ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని యూరప్ మార్గదర్శకాలు, 50 లోపు ఉండాలని లిపిడ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా చెబుతున్నాయి. 67 ఇంకా ఎక్కువే. అటోర్వాస్టాటిన్ అలాగే ఉంచి ఎజెటిమైబ్ 10 కలిపాను. చీటీలో మందు పేరు పెద్ద అక్షరాలతో రాసి, కంపెనీ పేరు రాయకుండా ఇచ్చాను. మాస్టారు చీటీ చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్లీ పరీక్ష మార్చి ఆఖర్న.